పొట్లం మూల

శొంఠి కాఫీ పొడి డబ్బా ఒకటి
మూడు వారాలుగా నా తెర మీద
తలుపులన్నీ తెరుచుకుని వెల్లకిలా పడి ఉంది.
ఎటు మడవాలో గీతలున్నాయి.
ఎందుకు మడవాలో ఎక్కడా లేదు.

ధనశేఖర్ గారికి నెమలి కావాలి.
నెమలికి బంగారు రేకు కావాలి.
"షెల్ఫులోంచి దూకాలండీ" అంటారు,
అక్కడికి డబ్బా ఏదో లేడిపిల్ల అయినట్టు.

కూర్చున్న చోటే దేశాలన్నీ వెతికాను.
జపాను గుడ్డమూటలు, పాతకాలపు సబ్బు కాగితాలు,
ఎవరో ఎక్కడో అందంగా చేసేసిన ప్రతిదాన్నీ
ఆకలి లేనివాడు విందు చూసినట్టు చూశాను.
నుంగంబాకంలో కరెంటు పోయింది.
ఏసీ ఆగాక గాని తెలియలేదు
నా గదికి ఏ వాసనా లేదని.

అసలు శొంఠి ఎలా ఉంటుందో చూద్దామని
కొత్వాల్ చావడి వెనక వీధికి బయల్దేరాను.
లోపలికి రానన్నాడు ఆటోవాడు. దిగి నడిచాను.
తడి గోనె, ఉల్లిపొట్టు, ఇంగువ,
మూడు తుమ్ముల తర్వాత
బాలనాగయ్య శెట్టి గారి కొట్టు:
వెడల్పు నాలుగు మూరలు, లోతు నాలుగు తరాలు.
నా తమిళం విని
"మనవాళ్ళేనా అమ్మా?" అన్నాడాయన.

నాకంటే ముందు కాసిమేడు పొన్నుతాయి ఉంది,
చేపల బుట్ట గడప బయట దించి.
దగ్గుకి మందు.
ఆయన ఎవరో పిల్లవాడి పరీక్ష పేపరు తీసి
అడ్డంగా చించి, పొడి పోసి,
అంచు మీద అంచు, మూల కింద మూల...
పైన వేలాడే దారపుండ గిర్రున తిరిగి
పొట్లం నడుము చుట్టేసి
చిటికెన వేలి దగ్గర పుటుక్కుమంది.
కత్తెర లేదు. జిగురు లేదు.

రెండు పొట్లాలు.
ఒకదాని మూల ఒకసారి చించాడు.
రెండోదాని మూల రెండుసార్లు.
"ఒకటి పొద్దుటికి, రెండు రాత్రికి.
ఆమెకి చదువు రాదు, రాత్రి లైటు వేస్తే పిల్లలు లేస్తారు.
వేలికి తెలిస్తే చాలుగా."
అని, చిల్లర లెక్కలో పడ్డాడు.

నేను మాత్రం అక్కడే ఉండిపోయాను
ఎనిమిదేళ్ళ ఉద్యోగం భుజాన సంచిలో బరువెక్కి.

నేర్పమన్నాను.
మొదటిది ఇసకలా కారింది.
రెండోది అలిగిన బుగ్గలా ఉబ్బింది.
మూడోది బిగించి కట్టి గర్వంగా చేతికిచ్చాను.
ఇప్పబోయాడు. ఇప్పలేక పక్కన పెట్టాడు.
"ఇది నువ్వు నీకోసం కట్టుకున్నావు తల్లీ."
వంద గ్రాముల శొంఠి పొడి, తనే కట్టి ఇచ్చాడు.

ఆ రాత్రి నెమలిని ఓ మూలకి జరిపి
డబ్బాని అడిగాను: నిన్ను తెరిచేదెవరే?
ముక్కు మూసుకుపోయిన మనిషి.
చంకలో పిల్ల, పొయ్యి మీద నీళ్ళు,
ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యి ఒక్కటే.
మూత అంచున, బొటనవేలు మొట్టమొదట తగిలే చోట
గోరంత గాటు పెట్టాను.

ధనశేఖర్ గారు నెమలిని మెచ్చుకున్నారు.
జతగా ఇంకొకటి పెట్టమన్నారు. పెట్టాను.
రాయపేట ప్రెస్సు నుంచి జాఫర్ భాయ్ మాత్రం
"డైలో ఎక్కడో పన్ను విరిగినట్టుంది మేడమ్" అని ఫోను చేశాడు.
విరగలేదు, ఉండనీ భాయ్, అన్నాను.
ఎవరి కంటా పడలేదు కాబట్టి బతికిపోయింది అది.

కార్తీకం వానల్లో నాకే జలుబు చేసింది.
శెట్టి గారి పొట్లం దారం లాగితే
ఒక్క లాగుకి ఊడి వచ్చింది.
పొడి కింద వంకర త్రిభుజం, పక్కన ఎర్ర సిరా సున్నా.
పిల్లవాడి తమిళ రాత చిరుగు దాకా వచ్చి
ఒక మాట దగ్గర తెగిపోయింది:
ఆగవే
వాడి భాషలో, కాబట్టి.
మా ఇంటి భాషలో, ఆగు పిల్లా.

నీళ్ళు మరుగుతున్నాయి.
మంట తగ్గించి
చిరిగిన అంచు వెంట బొటనవేలు పోనిచ్చి
రెండర్థాలూ తడిమి చూసుకున్నాను.